కలిపే మాట కూడా హక్కే

రాజ్యాంగం 30వ అధికరణంలోని మొదటి ఖండం ఒకే ఒక్క వాక్యం. మతాన్ని బట్టి గానీ భాషను బట్టి గానీ అల్పసంఖ్యాకులైన వారందరికీ తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకునే హక్కు ఉంటుందన్నది దాని సారం. ఇంగ్లీషు మూలంలో ‘ఎస్టాబ్లిష్’, ‘అడ్మినిస్టర్’ అనే రెండు క్రియల నడుమ ‘అండ్’ అనే చిన్న మాట ఉంది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం భవితవ్యం అర్ధ శతాబ్దానికి పైగా ఆ మాటను పట్టుకొని వేలాడింది.

1967లో అజీజ్ బాషా కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ రెండు క్రియలను విడదీయరాదనీ, కలిపే చదవాలనీ చెప్పింది. స్థాపించిన వారికే నిర్వహించే హక్కు. ఆ విశ్వవిద్యాలయం 1920 నాటి చట్టం ద్వారా ఏర్పడింది కనుక దానిని ముస్లింలు స్థాపించినట్లు కాదు, కాబట్టి నిర్వహణ హక్కునూ కోరలేరు. ఇదీ నాటి తర్కం. 2024 నవంబరు 8న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3 మెజారిటీతో ఆ తీర్పును తోసిపుచ్చింది. అప్పుడు కూడా మెజారిటీ తీర్పు ‘అండ్’ను ‘ఆర్’గా మార్చలేదు. చట్టం ద్వారా రూపం పొందినంత మాత్రాన ఒక సంస్థ వెనుక ఉన్న సముదాయపు సంకల్పం, కృషి చెరిగిపోవని చెబుతూ, ‘స్థాపించడం’ అన్న మాటనే కొత్తగా వివరించింది.

అదే వాక్యంలో మతానికీ భాషకూ మధ్య ‘ఆర్’ ఉంది. అక్కడ ‘అండ్’ ఉండి ఉంటే, మతం, భాష రెండింటిలోనూ అల్పసంఖ్యాకులైన వారికే ఆ హక్కు దక్కేదని వాదించడానికి తావుండేది. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల సోదరుల వంటి ముస్లింలకు తెలుగు రాష్ట్రంలో ఆ రక్షణ ప్రశ్నార్థకమయ్యేది. మన హక్కుల మేడ ఇటువంటి చిన్న మాటల మీద నిలిచి ఉంది. అయితే ఆ చిన్న మాటలను మన పిల్లలకు ఎవరు నేర్పుతున్నారు? ఎలా నేర్పుతున్నారు? ఆళ్లగడ్డ వంటి ఊళ్లలో ఇంగ్లీషు చదువు గురించి ఆలోచించేటప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

రెండు నిజాలు, ఒక ఫిర్యాదు

‘నేను గడువులోగా దరఖాస్తు ఇచ్చాను. నాకు ఉపకారవేతనం రాలేదు.’ ఇవి రెండు సమాచారాలు. చదివిన అధికారి తల ఊపి ఫైలు మూసివేయవచ్చు. ‘గడువులోగా దరఖాస్తు ఇచ్చినప్పటికీ నాకు ఉపకారవేతనం రాలేదు’ అంటే అది ఫిర్యాదు. ‘ఆదాయ ధ్రువపత్రం ఆలస్యంగా ఇచ్చారు కాబట్టి నా దరఖాస్తు తిరస్కరించారు’ అంటే అది కారణం, బాధ్యత ఎవరిదో తేల్చే మాట. ‘కారణం రాతపూర్వకంగా తెలియజేస్తే తప్ప ఈ నిర్ణయాన్ని అంగీకరించను’ అంటే అది షరతు. ఒక్కొక్క సమాచారం మనకు ముందే తెలుసు. వాటి మధ్య సంబంధాన్ని చెప్పే మాటే విన్నపాన్ని వాదనగా మారుస్తుంది.

ఇంగ్లీషులో ఈ పని చేసేవి కన్‌జంక్షన్లు, అంటే సముచ్చయాలు. ‘అండ్’, ‘బట్’, ‘ఆర్’, ‘సో’ వంటివి సమాన ప్రాధాన్యం గల రెండు వాక్యాలను పక్కపక్కన నిలబెడతాయి. దానిని మన తెలుగు పాఠంలో సంయుక్త వాక్యం అంటాం. ‘బికాజ్’, ‘ఇఫ్’, ‘ఆల్‌దో’, ‘అన్‌లెస్’ వంటివి ఒక వాక్యాన్ని మరొక దానిపై ఆధారపడేలా చేస్తాయి. అది సంశ్లిష్ట వాక్యం. మొదటి జట్టు రాకపోతే పిల్లవాడి మాట ముక్కలు ముక్కలుగా ఉంటుంది. రెండవ జట్టు రాకపోతే అతడు విషయం చెప్పగలడు గాని కారణం చెప్పలేడు, షరతు పెట్టలేడు, అభ్యంతరం తెలపలేడు.

బ్యాంకు రుణపత్రంలో, అద్దె ఒప్పందంలో, కువైట్‌కో సౌదీకో పనికి వెళ్లే మనిషి సంతకం చేసే కాగితంలో ప్రమాదం నామవాచకాల్లో దాగి ఉండదు. జీతం ఎంతో, పని ఏమిటో అందరూ చదువుతారు. ‘అన్‌లెస్’, ‘ప్రొవైడెడ్ దట్’, ‘అంటిల్’ అన్న మాటల దగ్గరే కాలు జారేది. ‘అన్‌లెస్’ను ‘ఇఫ్’గా చదివిన వాడికి ఒప్పందం అర్థం పూర్తిగా తలకిందులవుతుంది.

మాధ్యమం మారింది, మాట కలవలేదు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమంలోకి మారుస్తూ 2019 నవంబరులో ఉత్తర్వులు వెలువడ్డాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఈలోగా ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు పిల్లల సంచుల్లోకి వచ్చాయి. ఏ మాధ్యమం కావాలన్న చర్చ పత్రికల్లోనూ న్యాయస్థానాల్లోనూ హోరెత్తింది. ఆ మాధ్యమంలో పిల్లవాడు ఏ స్థాయి వాక్యం నిర్మించగలుగుతున్నాడన్న చర్చ మాత్రం జరగలేదు.

తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరుకోవడంలో తప్పేమీ లేదు. రోజు కూలీకి వెళ్లే తండ్రి, కుట్టు మిషను మీద ఇల్లు నడిపే తల్లి తమ బిడ్డ ఉద్యోగపు తలుపు తట్టగలగాలని ఆశించడం న్యాయమైన కోరిక. వారి ఆశను పరిహసించే పండితుల పక్షాన మనం నిలబడనక్కరలేదు. అయితే వారికి అందుతున్నది ఏమిటో పరిశీలించాలి. పిల్లవాడు తన పేరు, ఊరు, బడి గురించి ఒక్కొక్క చిన్న వాక్యం చొప్పున అప్పజెబుతాడు. పదాలు వందల కొద్దీ వచ్చు. ‘నిన్న బడికి ఎందుకు రాలేదు?’ అని ఇంగ్లీషులో అడిగితే ‘ఫీవర్’ అన్న ఒక్క మాట వస్తుంది. జ్వరానికీ రాకపోవడానికీ మధ్య వంతెన వేసే ‘బికాజ్’ అతని పుస్తకంలో ఉంది, నోట్లో లేదు.

దీనికి కారణం పాఠం చెప్పే తీరు. సముచ్చయాలను చాలాచోట్ల జాబితాగా వల్లె వేయిస్తారు. ఏడు సమ సముచ్చయాల మొదటి అక్షరాలు కలిపి ‘ఫ్యాన్‌బాయ్స్’ అని గుర్తు పెట్టుకోమంటారు. ఆ ఏడింటిలో ‘ఫర్’, ‘నార్’, ‘యెట్’ నిత్య సంభాషణలో అరుదు. పిల్లవాడికి రేపు ఉదయమే అవసరమయ్యే ‘బికాజ్’, ‘ఇఫ్’ ఆ ఏడింటిలోనే లేవు. ఆపైన ‘ఈ రెండు వాక్యాలను ఆల్‌దోతో కలపండి’ అన్న పరీక్ష ప్రశ్న ఒకటి. ఏ మాటతో కలపాలో ప్రశ్నే చెప్పేసింది కనుక, ఆ రెండు వాక్యాల మధ్య ఉన్నది కారణమా, వైరుధ్యమా అని పిల్లవాడు ఆలోచించవలసిన పని లేదు. మార్కు వస్తుంది, మాట రాదు.

ఇంటి భాషలో ఉన్న వంతెన

మన పిల్లలకు వాక్యాలను కలపడం తెలియదనుకోవడం పొరపాటు. వారు ఇంట్లో, వీధిలో రోజంతా కలుపుతూనే ఉంటారు. మన ప్రాంతపు ముస్లిం ఇళ్లలో చాలావరకు వినిపించేది దక్కనీ. ‘బుఖార్ ఆయా బోల్కే స్కూల్‌కు నై గయా’ అంటాడు పిల్లవాడు. ‘బోల్కే’ అంటే అక్షరాలా ‘అని చెప్పి’. తెలుగులోని ‘జ్వరం వచ్చిందని బడికి పోలేదు’ అన్న వాక్యంలో ‘అని’ చేసే పనినే అది చేస్తున్నది. ఉత్తరాది ఉర్దూలో ఈ వాడుక కనిపించదు. తరతరాలుగా తెలుగు, కన్నడ, ఉర్దూ ఒకే వీధిలో కలిసి బతికినందువల్ల దక్కనీకి అబ్బిన సొత్తు అది. ‘ఖానా ఖాకో ఆయా’ అన్నా ‘అన్నం తిని వచ్చాడు’ అన్నా క్రియ చివరనే కలిపే ముడి ఉంది. ‘అండ్’ అన్న విడి మాట అక్కడ కనిపించదు గాని దాని అర్థం పూర్తిగా ఉంది.

బడిలో నేర్పే ప్రామాణిక ఉర్దూ తీరు వేరు. అక్కడ ‘ఔర్’, ‘లేకిన్’, ‘యా’, ‘క్యోంకి’ అనే విడి మాటలు ఇంగ్లీషులో మాదిరిగానే వాక్యాల నడుమ నిలబడతాయి. ‘మైఁ నహీఁ ఆయా క్యోంకి బుఖార్ థా’ అన్న వాక్యానికీ దాని ఇంగ్లీషు రూపానికీ అమరిక ఇంచుమించు ఒకటే. తెలుగు ముడిని క్రియలో దాచుకుంటుంది. ఇంగ్లీషు ముడిని బయట విడి మాటగా పెడుతుంది. ఉర్దూలో రెండు పద్ధతులూ ఉన్నాయి. కనుక ఉర్దూ, తెలుగు రెండూ చెవిన పడుతూ పెరిగిన పిల్లవాడి దగ్గర ఇంగ్లీషు సంయుక్త వాక్యానికి కావలసిన అచ్చులు సిద్ధంగా ఉన్నాయి. ఉపాధ్యాయుడు వాటిని అడగడమే తరువాయి.

తప్పుల్లో కూడా ఈ నిజం కనిపిస్తుంది. ‘ఆల్‌దో ఇట్ రెయిన్డ్, బట్ ఫాదర్ వెంట్ టు వర్క్’ అని పిల్లలు రాస్తారు. ఎర్ర సిరాతో ‘బట్’ కొట్టివేసి ఊరుకుంటే పిల్లవాడికి కారణం తెలియదు. ఉర్దూలో ‘అగర్చె బారిష్ హుయీ, ఫిర్ భీ అబ్బా కామ్ పర్ గయే’ అన్నప్పుడు తాడుకు రెండు కొసలూ కట్టాలి. ‘చూంకె’ అంటే ‘ఇస్‌లియే’, ‘అగర్’ అంటే ‘తో’ వెంట వస్తాయి. దక్కనీలో ‘పానీ పడ్యా తోబీ అబ్బా కామ్‌కు గయే’ అనీ, తెలుగులో ‘వాన పడినా అబ్బా పనికి వెళ్లారు’ అనీ క్రియ దగ్గరే ఒక్క ముడి. ఇంగ్లీషులోనూ ఒక్క ముడే గాని అది వాక్యం ముందు పడుతుంది. ఈ పోలిక నల్లబల్ల మీద పది నిమిషాలు చూపిస్తే, తన తప్పు అజ్ఞానం వల్ల వచ్చింది కాదనీ, తన భాష పట్ల నిజాయితీ వల్లనే వచ్చిందనీ పిల్లవాడు గ్రహిస్తాడు. సిగ్గుపడిన పిల్లవాడు మరోసారి నోరు తెరవడు. అర్థమైన పిల్లవాడు మరో వాక్యం ప్రయత్నిస్తాడు.

మొదటి భాషలో గట్టిపడిన ఆలోచనా సామర్థ్యం రెండవ భాషకు అందివస్తుందని కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో ప్రతిపాదించారు. మన చట్టాలు కూడా ఆ దిశగానే చెబుతున్నాయి. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350–ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించాలంటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ బోధన వీలైనంతవరకు పిల్లవాడి మాతృభాషలో ఉండాలంటుంది. 2022లో మన రాష్ట్రం ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తిస్తూ చట్టం చేసింది. ఇన్ని అక్షరాలు కాగితం మీద ఉండగా, ఇంగ్లీషు తరగతిలో ఒక దక్కనీ వాక్యం పలికిన పిల్లవాడిని గద్దించే అలవాటు మాత్రం ఎందుకు ఉండాలి? ద్విభాషా పుస్తకంలోని ఎదుటి పుట తెలుగు పిల్లవాడికి ఇంటి భాష. దక్కనీ ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికి అది కూడా బడి భాషే. అతనికి మూడవ పుట ఉపాధ్యాయుని నోటిలో ఉండాలి.

మక్తబ్ వైపు ఒక చూపు

వాక్యాలను కలిపే మాటల మీద శ్రద్ధ మన సంప్రదాయానికి కొత్తది కాదు. మదరసాలో అరబీ వ్యాకరణం చదివే విద్యార్థి ‘హురూఫె అత్ఫ్’ను ప్రత్యేక పాఠంగా నేర్చుకుంటాడు. ‘వ’ అంటే ఇద్దరూ వచ్చారు, ఎవరు ముందో చెప్పడం లేదు. ‘ఫ’ అంటే ఒకరి వెంటనే మరొకరు. ‘సుమ్మ’ అంటే కొంత వ్యవధి తరువాత మరొకరు. ఒక్కొక్క అక్షరానికి ఇంత సూక్ష్మమైన తేడాను చిన్న వయసులోనే పిల్లల చేత పట్టిస్తారు. దీనికి ధర్మశాస్త్రంలోనూ ప్రయోజనం ఉంది. వుజూలో అవయవాలను కడిగే క్రమం ఫర్జా, సున్నతా అన్న చర్చలో ‘వ’ అర్థం ఒక ముఖ్యాంశం. ‘వ’ కలుపుతుందే గాని క్రమాన్ని విధించదు కనుక క్రమం సున్నత్ అన్నారు హనఫీ పండితులు. షాఫయీలు ఇతర ఆధారాలను కూడా పరిగణించి క్రమాన్ని ఫర్జ్‌గా ఎంచారు. ఒక కలిపే మాట మీద ఇంత లోతుగా ఆలోచించిన వారసత్వం ఉన్న సమాజం, తన పిల్లలకు ‘బికాజ్’ రాకపోవడాన్ని చిన్న విషయంగా తీసుకోలేదు.

ఇక్కడ ఒక వైచిత్రి ఉంది. ఒకే పిల్లవాడు ఉదయం మక్తబ్‌లో అరబీ అక్షరాలు దిద్దుతాడు. పగలు ఉర్దూ తరగతిలో ‘ముఫ్రద్ జుమ్లా, మురక్కబ్ జుమ్లా’ వింటాడు. తెలుగు తరగతిలో ‘సామాన్య, సంశ్లిష్ట, సంయుక్త వాక్యాలు’ చదువుతాడు. ఇంగ్లీషు తరగతిలో ‘సింపుల్, కాంప్లెక్స్, కాంపౌండ్’ అంటారు. చెప్పేది ఒకే విషయమని ఏ తరగతిలోనూ ఎవరూ అతనికి చెప్పరు. నాలుగు గోడల మధ్య నాలుగు వేర్వేరు భారాలుగా మోస్తాడు.

ఏం చేయవచ్చు?

‘ఇంగ్లీషు గంటలో ఉర్దూకు, తెలుగుకు చోటిస్తే ఇంగ్లీషు వెనుకబడుతుంది’ అన్న అభ్యంతరం వస్తుంది. గంటంతా ఇంటి భాషలోనే గడిపితే నిజంగానే వెనుకబడుతుంది. నేను కోరుతున్నది మొదటి పది నిమిషాలు. ఉపాధ్యాయుడు రెండు విషయాలు ఇస్తాడు. కాలువకు నీళ్లు వచ్చాయి, నాన్న వరి నాటాడు. పిల్లలు తమ ఇంటి భాషలో వాటిని ఎన్ని రకాలుగా కలపగలరో చెబుతారు. నీళ్లు వచ్చాయి కాబట్టి, నీళ్లు వచ్చాక, నీళ్లు వస్తే, నీళ్లు వచ్చినా. ఒక్కొక్క దానికి అర్థం ఎలా మారిందో మాట్లాడుకుంటారు. ఆ తరువాతే ఇంగ్లీషు మాట నల్లబల్ల మీదికి వస్తుంది. అర్థం ముందు, మాట వెనుక. మిగిలిన సమయమంతా ఇంగ్లీషులోనే నోటితో కలపడం, ఆపైన రాయడం.

క్రమం కూడా ముఖ్యం. మొదట ‘అండ్’, ‘బట్’, ‘ఆర్’, ‘సో’. అవి నోట పలికాక ‘బికాజ్’, ‘ఇఫ్’, ‘వెన్’. చివరగా ‘ఆల్‌దో’, ‘అన్‌లెస్’. వారానికి ఒక మాట చాలు. వాక్యాలు పాఠ్యపుస్తకం నుంచే రానక్కరలేదు. ఆళ్లగడ్డలో రాతిని దేవతామూర్తిగా మలిచే శిల్పుల పని గురించి, నల్లమల నుంచి వచ్చే వాన గురించి, సంతలో ధర గురించి పిల్లలకు చెప్పడానికి ఎన్నో నిజాలున్నాయి. తనకు తెలిసిన విషయానికి కారణం చెప్పడం తేలిక.

పరీక్ష ప్రశ్నను కూడా మార్చమని అడగాలి. కలిపే మాటను ప్రశ్నలోనే ఇవ్వకుండా, రెండు వాక్యాలిచ్చి సరైన మాటను ఎంచుకోమనాలి. ఎందుకు ఎంచుకున్నావో ఇంటి భాషలోనైనా చెప్పనివ్వాలి. ఉర్దూ పాఠశాలల్లో ఖాళీగా ఉన్న ఉపాధ్యాయ స్థానాలను భర్తీ చేయమని కోరడం భాషాభిమానానికి మాత్రమే సంబంధించిన కోరిక కాదు. ఇంగ్లీషు బాగా రావడానికీ అది అవసరమని మన విజ్ఞప్తుల్లో స్పష్టంగా రాయాలి.

ప్రభుత్వం వైపే చూస్తూ కూర్చోవడం కూడా తగదు. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల నెలకొన్నది ఈ ప్రాంతపు ముస్లింల విద్యాకాంక్షకు గుర్తుగా. అదే కర్నూలులో 2016లో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరు పెట్టారు. పెద్ద సంస్థలు కట్టిన సమాజానికి వారానికి రెండు సాయంత్రాలు మస్జిద్ వరండాలో ఒక గంట తరగతి నడపడం భారం కాదు. డిగ్రీ చదువుతున్న మన అమ్మాయిలు, అబ్బాయిలు అందుకు చాలు. మక్తబ్ బోధించే ఉస్తాద్ అరబీ ‘వ, ఫ, సుమ్మ’ చెప్పిన రోజునే, ఆ పక్కనే ఇంగ్లీషు చెప్పే అక్క ‘అండ్, సో, దెన్’ చెప్పవచ్చు. పిల్లలు నిజమైన దరఖాస్తులే రాయాలి. వీధిదీపం గురించి మున్సిపాలిటీకి, బస్సు గురించి డిపోకి, ఆగిన ఉపకారవేతనం గురించి సంక్షేమ శాఖకు. ప్రతి దరఖాస్తులోనూ ఒక ‘బికాజ్’, ఒక ‘ఆల్‌దో’ ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ బిడ్డ ఇంగ్లీషును అంచనా వేయడానికి మీకు ఇంగ్లీషు రానక్కరలేదు. పద్యం అప్పజెప్పమనవద్దు, పండ్ల పేర్లు చెప్పమనవద్దు. మీ భాషలోనే ఒక ‘ఎందుకు?’ అడగండి. జవాబు ముందు మీ భాషలో, తరువాత ఇంగ్లీషులో చెప్పమనండి. మీ భాషలో పూర్తి వాక్యం వచ్చి, ఇంగ్లీషులో ఒక్క పదమే వస్తే, లోపం బిడ్డలో లేదని మీకు తెలిసిపోతుంది. మరుసటి రోజు బడికి వెళ్లి, మా పిల్లవాడికి కారణం చెప్పడం ఎప్పుడు నేర్పుతారని మర్యాదగా అడగండి. అది మీ హక్కు.